పేరుకి 1/70 ఏది?



పారిస్‌లో అరకు కాఫీ షాపు ఫోటో మళ్ళీ మన గ్రూపులో తిరుగుతోంది. ఆ షాపు తెరిచింది 2017లో. అయినా ప్రతి ఆర్నెల్లకీ ఎవరో ఒకరు కొత్తగా చూసినట్టు పెడతారు, కింద వందల మంది జై కొడతారు. "మన అడవి పంట పారిస్‌లో!" అని. మేమూ ఒకప్పుడు జై కొట్టినవాళ్ళమే, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కొండ మీద మన అమ్మలు ఏరిన పండు అంత దూరం వెళ్ళిందంటే ఎవరికి సంతోషం ఉండదు? కాకపోతే ఈసారి కామెంట్లలో ఒకాయన రాసిన మాట మాకు నిద్ర పట్టనివ్వలేదు. "పేరు వచ్చింది కదా, ఇంకేం కావాలి?" అన్నారు.

పేరు వచ్చింది సరే. ఆ పేరు ఎవరి పేరున ఉండాలి? అమ్మకానికి పెట్టగలిగే పేరా, పెట్టలేని పేరా? ఈ పోస్టు దాని గురించే. పొడుగ్గా ఉంటుంది, తీరిగ్గా చదవండి.

మేము తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో, వెంకట్రామన్నగూడెం హార్టికల్చర్ యూనివర్సిటీలో, ఏలూరు కాలేజీల్లో చదువుకుంటున్న పది పన్నెండు మందిమి. బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం, కుక్కునూరు వైపు కోయ, కొండరెడ్డి పిల్లలం ఎక్కువ. ఇద్దరు కొల్లేరు లంకల నుంచి వచ్చిన యానాది తమ్ముళ్ళు. అరకు మా ఊరు కాదు కదా, మీకెందుకు అంటారేమో. అరకు పేరుకి ఈరోజు ఏ నియమం రాసుకుంటామో రేపు మన ఏజెన్సీ జీడిపప్పుకీ, పాపికొండల తేనెకీ, కొల్లేరు పేరుకీ అదే నియమం వస్తుంది. అందుకే.

ముందు మనకి బాగా తెలిసిన కథతో మొదలుపెడదాం. పశ్చిమ ఏజెన్సీలో మన తాతల భూములు ఎలా పోయాయి? కత్తులతో వచ్చి ఎవరూ లాక్కోలేదు. పోడు కొట్టి, దున్ని, విత్తింది మనవాళ్ళు. కాగితం మాత్రం వేరేవాడి పేరున పుట్టింది. అప్పు పత్రం మీద వేలిముద్ర, తర్వాత కౌలు, తర్వాత పట్టా. ఆఫీసులో ఎవరి పేరు ముందు ఎక్కితే వాడిదే భూమి. సాగు మనది, రికార్డు వాడిది.

దానికి అడ్డుకట్టగా వచ్చిందే 1/70. 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్‌కి 1970లో తెచ్చిన సవరణ. మన జూనియర్లకి సగం మందికి నంబరు తెలుసు, లోపల ఏముందో తెలియదు, కాబట్టి రెండు ముక్కలు చెప్తాం. ఒకటి, షెడ్యూల్డ్ ఏరియాలో భూమి గిరిజనుడి నుంచి గిరిజనేతరుడికే కాదు, గిరిజనేతరుడి నుంచి ఇంకో గిరిజనేతరుడికి కూడా మారకూడదు. రెండు, అక్కడ గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి దగ్గర నుంచే వచ్చిందని చట్టం ముందే అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సిన బాధ్యత అతనిది. ఈ రెండో ముక్కే అసలు బలం. 1997లో సమత తీర్పులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, ప్రభుత్వం కూడా ఆ ఏరియాలో భూమిని ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వడానికి లేదంది. అమలు ఎలా ఏడ్చిందో మనందరికీ తెలుసు, బినామీ పట్టాలూ, మన ఆడపిల్లల పేరున కొన్న తోటలూ మన కళ్ళ ముందే ఉన్నాయి. అయినా చట్టమంటూ ఒకటి ఉంది. దాన్ని పట్టుకుని కోర్టు మెట్లెక్కిన ఊళ్ళు ఉన్నాయి.

ఇప్పుడు యూరప్‌లో పేరు ఎలా సొంతమవుతుందో చూడండి. అచ్చం మన తాతల కాలం నాటి పట్టా కథే.

ఫ్రాన్స్ ఒక్కదానికే కావాలంటే ఐఎన్‌పీఐ అనే ఆఫీసు ఉంది. మొత్తం యూరోపియన్ యూనియన్ 27 దేశాలకీ కలిపి కావాలంటే స్పెయిన్‌లో అలికాంటే అనే ఊళ్ళో ఈయూఐపీఓ అనే ఆఫీసు ఉంది. ఆన్‌లైన్‌లో దరఖాస్తు, ఒక తరగతి సరుకుకి 850 యూరోలు. మన డబ్బుల్లో ఎనభై, తొంభై వేలు అనుకోండి. ఎవరు ముందు దరఖాస్తు పెడితే వాళ్ళదే ముందు హక్కు. పండించావా, నీ ఊరేది అని అడగరు. దరఖాస్తు ప్రచురించాక మూడు నెలలు గడువిస్తారు. అభ్యంతరం ఉన్నవాడు ఆ మూడు నెలల్లో 320 యూరోలు కట్టి చెప్పుకోవాలి. చెప్పకపోతే రిజిస్టర్ అయిపోతుంది. పదేళ్ళు చెల్లుతుంది, పదేళ్ళకోసారి డబ్బు కట్టి ఎన్నిసార్లయినా పొడిగించుకోవచ్చు. అలికాంటేలో ప్రచురించినప్పుడు మన చింతపల్లిలోనో కొయ్యలగూడెంలోనో ఎవరూ టముకు వెయ్యరు. అభ్యంతరం చెప్పాలన్నా యూరప్ బయటివాళ్ళు అక్కడి లాయర్ని పెట్టుకోవాల్సిందే.

గడువు దాటాక కూడా దారి మూసుకుపోదు. దురుద్దేశంతో రిజిస్టర్ చేయించుకున్నారని రద్దుకి పిటిషన్ వెయ్యొచ్చు, దానికి 630 యూరోలు. అయితే దురుద్దేశం ఉందని నిరూపించాల్సింది పిటిషన్ వేసినవాడు. గమనించారా? 1/70లో నిరూపించాల్సిన బరువు వాడి నెత్తిన ఉంటే, ఇక్కడ మన నెత్తిన ఉంది.

ఊరి పేర్లు రిజిస్టర్ చెయ్యరు కదా అని మా క్లాసులో ఒకడు అడిగాడు. మంచి ప్రశ్న. చట్టంలో ఆ మాట ఉంది, సరుకు పుట్టిన చోటుని మాత్రమే చెప్పే పేరుని ట్రేడ్‌మార్క్‌గా ఇవ్వకూడదు. దాన్ని ఎలా చదవాలో యూరోపియన్ కోర్టు 1999 మే 4న ఒక తీర్పులో చెప్పింది. ఆ కేసు కూడా ఒక చెరువు పేరు మీదే, కొల్లేరు తమ్ముళ్ళు శ్రద్ధగా వినండి. జర్మనీలో బవేరియా రాష్ట్రంలో అతి పెద్ద సరస్సు పేరు కీమ్‌జే. ఆ పేరు పెట్టుకుని ఒక కంపెనీ బట్టలమ్మేది, ఆ సరస్సు దగ్గర ఇంకొకాయన అదే పేరుతో అమ్మాడు, గొడవ కోర్టుకెక్కింది. కోర్టు ఏమందంటే, కొనేవాళ్ళ మనసులో ఆ స్థలానికీ ఆ సరుకుకీ సంబంధం ఉంటే, లేదా ముందు ముందు ఏర్పడుతుందనుకోవడానికి తగిన కారణం ఉంటే, ఆ పేరు అందరికీ వదిలెయ్యాలి, ఒక్కడికి ఇవ్వకూడదు. బాగానే ఉంది. మరి కొనేవాళ్ళెవరు? యూరప్ జనం. వాళ్ళకి కీమ్‌జే తెలుసు. కొల్లేరు తెలుసా? బుట్టాయగూడెం తెలుసా? తెలియని పేరు వాళ్ళ చెవికి ఊరి పేరులా వినపడదు, ముచ్చటైన కొత్త మాటలా వినపడుతుంది. అంటే మన ఊరు ఎంత మారుమూల ఉంటే, మన పేరు పట్టుకుపోవడం అంత సులువు. ఇన్నాళ్ళూ మారుమూల అని బస్సు వెయ్యలేదు, టవర్ వెయ్యలేదు. ఇప్పుడు మారుమూల అన్నందుకే పేరు కూడా పోయే వీలుంది.

"అరకుకి జీఐ వచ్చింది కదా, ఇంక భయమేంటి?" అనే అన్నలు ఉన్నారు. వచ్చింది, నిజమే. 2019 మార్చిలో అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చినట్టు కేంద్రం ప్రకటించింది, కూర్గ్, చిక్‌మగళూరు, వయనాడ్, బాబాబుడన్‌గిరి కాఫీలతో పాటు. జీఐ చాలా మంచి చట్టం. 1999 నాటి ఆ చట్టంలో 24వ సెక్షన్ తీసి చదవండి. జీఐ హక్కుని అమ్మడానికి లేదు, బదిలీ చెయ్యడానికి లేదు, లైసెన్సుకివ్వడానికి లేదు, తాకట్టు పెట్టడానికి లేదు. చదివినప్పుడు మాకు ఒళ్ళు జలదరించింది. ఇది పేరుకి రాసిన 1/70 కదా!

కానీ ఆ 1/70 విశాఖ రేవు దాకానే. జీఐ ఏ దేశంలో రిజిస్టర్ అయితే ఆ దేశంలోనే చెల్లుతుంది. చెన్నైలో ఇచ్చిన సర్టిఫికెట్ పారిస్‌లో చూపిస్తే మర్యాదగా చదివి తిరిగి ఇస్తారు, అంతే. యూరప్‌లో ట్రేడ్‌మార్క్‌కి ఉన్న గుణం దీనికి సరిగ్గా తలకిందులు. దాన్ని అమ్మొచ్చు, వ్యాపారంతో కలిపైనా అమ్మొచ్చు, వ్యాపారం ఉంచుకుని పేరొక్కటే అయినా అమ్మొచ్చు. బ్యాంకులో తాకట్టు పెట్టొచ్చు. అప్పు తీర్చకపోతే జప్తులో పోవచ్చు. ఇవాళ పేరు ఎంత మంచివాళ్ళ చేతిలో ఉన్నా, రేపు కంపెనీ వాటాలు ఎవరు కొంటే వాళ్ళ చేతిలోకి పోతుంది. మన కొండ పేరు ఒక బ్యాంకు గోదాములో తాళం వేసి ఉండడం ఊహించుకోండి.

జీఐ గురించి ఇంకో ముచ్చట, మన ఇంటి గుట్టే. అరకు జీఐకి రిజిస్టర్డ్ యజమాని ఎవరు? బెంగళూరులోని కాఫీ బోర్డు. పండించే రైతు దాన్ని వాడుకోవాలంటే "అధీకృత వినియోగదారు"గా విడిగా నమోదవ్వాలి. దానికి ఫీజు ఒకప్పుడు 500, 2020లో 10 రూపాయలకి తగ్గించారు. పది రూపాయలండీ, టీ డబ్బులు. కానీ పది రూపాయల ఫారం ఉందని కొండ మీద ఎవరికి చెప్పారు? 2024 జూన్‌లో మన్ కీ బాత్‌లో ప్రధాని అరకు కాఫీతో దాదాపు లక్షన్నర గిరిజన కుటుంబాలకి సంబంధం ఉందన్నారు. ఆ లక్షన్నర ఇళ్ళల్లో ఎన్ని ఇళ్ళ పేరు ఆ రిజిస్టర్‌లో ఉంది? ఈ లెక్క పాడేరు ఐటీడీఏ గోడ మీద రాసి పెట్టాలి, జన్‌ధన్ లెక్క రాసినట్టు.

ఇక రెండో వాదన. ఇది కొంచెం బరువైనది, మేమూ తేలిగ్గా తీసెయ్యం. "అరకుని పారిస్ తీసుకెళ్ళినవాళ్ళు కష్టపడ్డారు. ఎరువులు లేని సాగు నేర్పారు, పండు ఏరడం, కడగడం, ఆరబెట్టడం నేర్పారు, సొసైటీలు పెట్టించారు, ఎక్కువ ధర ఇచ్చారు. వాళ్ళు లేకపోతే ఆ గింజ దళారి బస్తాలోనే ఉండేది. పెట్టుబడి పెట్టినవాళ్ళకి పేరు మీద హక్కు ఉండొద్దా?"

కష్టపడ్డారు, ఒప్పుకుంటాం. గిరిజన సహకార సంస్థ కష్టమూ ఉంది, కాఫీ బోర్డు కష్టమూ ఉంది, అంతకుముందు వెనక్కి వెళ్తే పాములేరు లోయలో తెల్లదొరలు మొదట కాఫీ నాటారని చెప్పుకుంటారు, వాళ్ళనీ లెక్కేసుకోండి. ఎవరి కష్టానికి తగ్గ గుర్తు వాళ్ళు పెట్టుకోవచ్చు. కంపెనీకి ఒక పేరు పెట్టుకోండి, దానికో బొమ్మ పెట్టుకోండి, దాన్ని ప్రపంచమంతా రిజిస్టర్ చేసుకోండి, మేము చప్పట్లు కొడతాం. కానీ ఊరి పేరు కంపెనీ కష్టం కాదు. బావికి పంపు బిగించినవాడికి మోటారు మీద హక్కు ఉంటుంది, నీటి ఊట మీద ఉండదు. ఏ సంస్థ మీదా మాకు పగ లేదు. మంచివాళ్ళు, చెడ్డవాళ్ళు అన్న కొలత మీద చట్టాలు రాయకూడదు అన్నదే మా మాట. మంచి షావుకారు కూడా ఉండేవాడు మన ఊళ్ళల్లో. ఆయన కొడుకు ఎలా ఉన్నాడన్నది అసలు సమస్య.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. యూరప్ చట్టం ప్రకారం ఊరి పేరు ఎవరో ట్రేడ్‌మార్క్ చేసుకున్నా, ఆ ఊళ్ళో పండించినవాడు తన ప్యాకెట్ మీద "ఫలానా చోట పండింది" అని నిజాయితీగా రాసుకోవడాన్ని ఆపలేరు. ఆ వెసులుబాటు ఉంది. కానీ అది వాడుకోవాలంటే ముందు లాయర్ నోటీసు తట్టుకోవాలి. నోటీసు వస్తే ఆ చిన్న సొసైటీ అక్కడ కొట్లాడుతుందా, లేబుల్ చింపేసి వెనక్కి వస్తుందా? చట్టంలో ఉన్న హక్కుకీ, చేతికి అందే హక్కుకీ మధ్య ఎంత దూరమో ఏజెన్సీలో పుట్టినవాళ్ళకి ఒకరు చెప్పాలా?

డార్జిలింగ్ సంగతి చూడండి. మనకంటే ఎంతో ముందు మేలుకున్నవాళ్ళు. టీ బోర్డు డార్జిలింగ్ పేరుని యూరప్‌లో కలెక్టివ్ మార్క్‌గా పెట్టించింది, 2011లో యూరప్ జీఐ కూడా సంపాదించింది. అయినా ఒక ఫ్రెంచి కంపెనీ డార్జిలింగ్ అన్న పేరుతో ఆడవాళ్ళ లోదుస్తులు అమ్ముకుంటూ ఆ పేరు రిజిస్ట్రేషన్‌కి పెట్టింది. టీ బోర్డు ఏళ్ళ తరబడి కొట్లాడింది. 2017 సెప్టెంబర్ 20న యూరోపియన్ కోర్టు బోర్డు అప్పీలు కొట్టేసింది. టీ వేరు, లోదుస్తులు వేరు, జనం పొరబడరు అన్నది దాని సారాంశం. కొండల పేరు లోదుస్తుల మీద! కడుపు మండుతుంది నిజమే. కానీ ఇంకోలా చూడండి. కలెక్టివ్ మార్క్ ఉండబట్టి, జీఐ ఉండబట్టి, ఆ పేరుతో వేరే టీ అమ్మడానికి ఎవరూ సాహసించలేరు. అన్ని కాగితాలూ ఉన్న డార్జిలింగ్‌కే అంత కష్టమైతే, ఏ కాగితమూ లేని పేరు గతేంటి? కాంగ్రా టీ వాళ్ళు మనలాగే చిన్నవాళ్ళు, హిమాచల్ కొండల్లో. వాళ్ళకి 2023లో యూరప్ జీఐ వచ్చింది. అంటే చిన్నవాళ్ళకి అసాధ్యం కాదు.

ఇథియోపియా ఇంకా గట్టిగా కొట్లాడింది. సిడామో, హరార్, యిర్గచెఫ్ అనే మూడు కాఫీ ప్రాంతాల పేర్లని 2005లో ఆ దేశ ప్రభుత్వం అమెరికాలో ట్రేడ్‌మార్క్‌కి పెట్టింది. అక్కడి కాఫీ వ్యాపారుల సంఘం అభ్యంతరం చెప్పింది. అప్పటికే స్టార్‌బక్స్ సిడామో మాట కలిపిన ఒక పేరు కోసం దరఖాస్తు పెట్టి ఉంది. ప్రపంచమంతా గొడవయ్యాక 2007లో స్టార్‌బక్స్ ఒప్పందానికి వచ్చి ఆ పేర్లు ఇథియోపియావని ఒప్పుకుంది. ఇథియోపియా జీఐ కాకుండా ట్రేడ్‌మార్క్ దారి పట్టింది. లక్షల మంది చిన్న రైతులు కొండల మీద చెల్లాచెదురుగా ఉన్నారు, ఒక్కొక్కరి తోటకీ తనిఖీ, సర్టిఫికెట్ మా వల్ల కాదు అంది. పేరు ప్రభుత్వం పట్టుకుంటుంది, వాడుకునే కంపెనీకి ఫీజు లేకుండా లైసెన్సిస్తుంది, పేరు మాదని ఒప్పుకుంటేనే. ఎంత తెలివో చూడండి. ఆకలి దేశం అని మనం టీవీలో చూసి జాలిపడిన దేశం అది.

"పేరు ఎవరిదైతే ఏంటి, గింజకి ధర వస్తే చాలు" అనే పెద్దలకి మా జవాబు మన జిల్లాలోనే ఉంది. ఏలూరు జిల్లా కోకో తీసుకోండి. కొబ్బరి తోటల్లో, పామాయిల్ తోటల్లో అంతరపంట. తోటలు ఎక్కువగా మైదానం రైతులవి, కాయ కొట్టి గింజ తీసే కూలీలు మనవాళ్ళు. 2024లో ప్రపంచ మార్కెట్ మండినప్పుడు కిలో వెయ్యి దాకా వెళ్ళింది. 2025 వచ్చేసరికి సగానికి పడింది, రైతులు ఏలూరులో ధర్నాలు చేశారు. వెయ్యి ఉన్నప్పుడూ సగం అయినప్పుడూ గింజ అదే. దాని మీద ఊరూ పేరూ లేదు కాబట్టి బేరం చెయ్యడానికి ఏమీ లేదు, కంపెనీ చెప్పిందే గ్రేడు, కంపెనీ చెప్పిందే ధర. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. ధర అనేది చివరికి పేరు పట్టుకునే నిలబడుతుంది. ప్యాకెట్ మీద కంపెనీ మాత్రమే ఉండి ఊరు లేకపోతే కంపెనీ ఏ ఊరి నుంచైనా కొనుక్కోవచ్చు. ఊరి పేరే సరుకైతే ఆ ఊరికి రాక తప్పదు.

ఏలూరు అంటే గుర్తొచ్చింది, తంగెళ్ళమూడి తివాచీలు. బ్రిటిష్ కాలంలో "ఎల్లోర్" అన్న పేరుతో లండన్ దాకా వెళ్ళాయి. పేరు సముద్రాలు దాటింది. నేతగాళ్ళ ఇళ్ళల్లో ఇప్పుడు మగ్గాలు ఎన్ని మిగిలాయో వెళ్ళి చూసి రండి, ఆర్ఆర్ పేట నుంచి ఆటోకి ఎంతో కాదు. సొమ్మొకడిది, సోకొకడిది అనే సామెత ఎవరు పుట్టించారో గానీ మగ్గం పక్కనే పుట్టి ఉంటుంది.

మరి మేము కోరేదేంటి? యూరప్ చట్టంలోనే మనకి సరిపోయే ఒక తలుపు ఉంది. దాన్ని కలెక్టివ్ మార్క్ అంటారు. ఒక్క కంపెనీకి కాకుండా ఉత్పత్తిదారుల సంఘానికి ఇచ్చే మార్క్. మామూలు ట్రేడ్‌మార్క్‌కి కుదరని ఊరి పేరు దీనికి కుదురుతుంది. ఫీజు ఆన్‌లైన్‌లో 1500 యూరోలు, లక్షన్నరకి కాస్త అటూ ఇటూ. దీనికి ఒక షరతు ఉంది, అదే దీని అందం. ఊరి పేరుతో కలెక్టివ్ మార్క్ తీసుకున్న సంఘం, ఆ ప్రాంతంలో నియమాల ప్రకారం పండించే ఎవరినైనా సభ్యుడిగా చేర్చుకుని తీరాలి. "నువ్వు మా కంపెనీకి అమ్మట్లేదు కదా" అని తలుపు వెయ్యడానికి లేదు. ఇంకో దారి, డార్జిలింగ్, కాంగ్రా వాళ్ళ దారి. యూరోపియన్ కమిషన్‌కి జీఐ దరఖాస్తు నేరుగా మన ఉత్పత్తిదారుల సంఘమే పెట్టుకోవచ్చు. అది నెమ్మది. మన బాస్మతి దరఖాస్తు 2018లో వెళ్ళి ఇంకా నలుగుతూనే ఉంది. భారత్, యూరప్ మధ్య జీఐల మీద విడిగా ఒప్పందం కోసం 2022 జూన్‌లో చర్చలు మొదలయ్యాయి. అటువంటి ఒప్పందంలో జాబితా పెడతారు, ఎవరు అడిగితే వాళ్ళ పేరు ఎక్కుతుంది. గిరిజన పంటల పేర్ల కోసం అడిగే గొంతు ఎవరిది?

కొల్లేరు తమ్ముళ్ళు ఇక్కడ మమ్మల్ని ఆపారు. "సంఘం పేరున అంటే సరిపోద్దా? మా దగ్గర ఏం జరిగిందో తెలుసా?" అన్నారు. తెలియాల్సిన సంగతే. 1970ల్లో వెంగళరావు గారి ప్రభుత్వం కొల్లేరులో పేదల సహకార సంఘాలు పెట్టి చేపల చెరువులు ఇచ్చింది. కాగితం మీద చెరువు సంఘానిది. పదేళ్ళు తిరిగేసరికి లీజు డబ్బున్నవాడి చేతిలో, సంఘం సభ్యుడు తన చెరువులోనే కూలీ. 1999లో అభయారణ్యం అన్నారు, 2006లో గట్లు పేల్చారు. కూలి పోయింది మొదట ఎవరికి? వల తప్ప ఇంకేమీ లేని యానాదులకి. కాబట్టి సంఘం అన్న మాట దగ్గర ఆగకూడదు, సంఘంలో ఎవరుంటారన్నది నియమావళిలో రాయించాలి. షెడ్యూల్డ్ ఏరియా పేరు పట్టుకునే సంఘంలో ఓటు హక్కు సాగు చేసే గిరిజనులకే ఉండాలి, మార్క్‌ని ఎవరికీ అమ్మకూడదు, ఒక్కడికే లీజుకి ఇవ్వకూడదు, లైసెన్సిచ్చిన ప్రతి కంపెనీ పేరూ గ్రామసభలో చదివి వినిపించాలి. సమత తీర్పు ప్రభుత్వాన్ని కూడా కట్టేసినట్టు, కాఫీ బోర్డునీ సహకార సంస్థనీ కూడా ఇది కట్టెయ్యాలి. కంచె చేను మేస్తే ఎవరికి చెప్పుకుంటాం?

పోలవరం ముంపు మండలాల నుంచి వచ్చినవాళ్ళం ఇంకో మాట చెప్పాలి. మా ఊళ్ళు కొన్ని నీళ్ళ కిందకి పోయాయి. కాలనీల్లో ఇళ్ళిచ్చారు, వరసగా, నంబర్లేసి. ఊరి నుంచి తెచ్చుకోగలిగింది పేరు ఒక్కటే. కాలనీ బోర్డు మీద పాత ఊరి పేరు రాసుకున్నారు మా పెద్దవాళ్ళు, రంగు డబ్బా సొంత డబ్బులతో కొని. ఆ పేరు రేపు ఏ దేశంలోనో తేనె సీసా మీదో, హోటల్ బోర్డు మీదో, వేరేవాళ్ళ ఆస్తిగా కనిపిస్తే నష్టపరిహారం ఏ జాబితాలో అడగాలి?

ఇప్పుడు చెయ్యాల్సిన పనులు. టీఎమ్‌వ్యూ అని ఉచిత వెబ్‌సైట్ ఉంది, ప్రపంచంలో చాలా దేశాల ట్రేడ్‌మార్క్‌లు అందులో వెతకొచ్చు, ఫోన్‌లోనే. ఒక్కొక్కరు తమ ఊరి పేరు, కొండ పేరు, వాగు పేరు, పంట పేరు, ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు రకాలుగా కొట్టి చూడండి. అరకు పేరు కూడా అందరూ చూడండి. ఎవరి పేరున, ఏ దేశంలో, ఏ సరుకుకి, ఎప్పటిదాకా అన్నది స్క్రీన్‌షాట్ తీసి ఇక్కడ కామెంట్లో పెట్టండి. ఎన్‌ఐటీ తమ్ముళ్ళు అన్నీ ఒక షీట్‌లో ఎక్కిస్తామన్నారు.

సమాచార హక్కు దరఖాస్తులు మూడు రాశాం. కాఫీ బోర్డుకి, గిరిజన సహకార సంస్థకి, పాడేరు ఐటీడీఏకి. ప్రశ్నలు ఇవి: అరకు జీఐకి అధీకృత వినియోగదారులుగా నమోదైన గిరిజన రైతులు ఎంతమంది, మండలాల వారీగా. యూరప్‌లో ఆ పేరు రక్షణకి ఈ ఆఫీసు పెట్టిన దరఖాస్తుల నంబర్లు, తేదీలు, నకళ్ళు. ఆ పేరు వాడుకోవడానికి ఎవరితోనైనా ఒప్పందం ఉంటే దాని నకలు. కోట రామచంద్రపురం ఐటీడీఏకి నాలుగోది, మన వన్‌ధన్ కేంద్రాల సరుకుకి ఏ పేరు పెట్టారు, ఎవరి పేరున రిజిస్టర్ చేయించారు అని. తెల్లరేషన్ కార్డు ఉన్నవాళ్ళ పేరున వేస్తే ఫీజు ఉండదు. సంతకం పెట్టేవాళ్ళు ముగ్గురు కావాలి. అరకు వైపు నుంచి ఒకరు ఉంటే బాగుంటుంది, ఎందుకంటే ఆ ప్రశ్న మొదట అడగాల్సింది వాళ్ళు.

ఫ్రెంచి చదవగలిగినవాళ్ళు ఎవరైనా గ్రూపులో ఉంటే చెప్పండి. ఐఎన్‌పీఐ సైటులో మాకు సగమే అర్థమవుతోంది.